దిగిపోయే ఆటగాడు, దించేసిన దిబ్బ

బేస్‌బాల్ అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుని ఒక పాత ఆటగాడి పేరెత్తితే, కాసేపట్లో మాట నియమాల మీదికి మళ్ళుతుంది. "టెడ్ విలియమ్స్ ఇప్పుడు గనక ఆడితేనా!" అని ఒకరు మొదలుపెడతారు. "ఇప్పుడంటే ఎప్పుడు? షిఫ్ట్ ఉన్నప్పుడా, తీసేశాకా?" అని రెండోవారు అడ్డం పడతారు. అక్కణ్ణించి స్ట్రైక్ జోన్ అప్పట్లో ఎంత ఉండేది, పిచర్ నిలబడే దిబ్బ ఎంత ఎత్తుండేది, ఏ హిట్‌ని ఎలా లెక్కకట్టేవారు అంటూ వాదన సాగిపోతుంది. బయటివాళ్ళకి ఇది దారి తప్పిన కబుర్లలా వినిపిస్తుంది. నాకైతే ఆ ఆట గురించి మాట్లాడుకోవడానికి ఇదే అసలు దారి అనిపిస్తుంది. బేస్‌బాల్‌లో ఆటగాడు వెళ్ళిపోయాక మిగిలేవి అంకెలు. ఆ అంకెలు నియమాల్లోంచి పుడతాయి. నియమం మారితే అంకెకు అర్థం మారుతుంది, దాంతోపాటే మనిషి ఎత్తూ మారుతుంది.

ఈ మాట మనసులో ఉంచుకుని రెండు వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదవాలి. రెండూ 'న్యూయార్కర్' పత్రికలో వచ్చినవే. మొదటిది 1960 అక్టోబరులో జాన్ అప్‌డైక్ రాసిన 'హబ్ ఫ్యాన్స్ బిడ్ కిడ్ అడ్యూ'. బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ సొంత మైదానంలో ఆడిన చివరి ఆట దాని విషయం. రెండోది 1980 సెప్టెంబరులో రోజర్ ఏంజెల్ రాసిన 'డిస్టెన్స్'. సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ బాబ్ గిబ్సన్ ఆట మానేసిన ఐదేళ్ళకు అతని సొంత ఊరు ఒమాహా వెళ్ళి, అతనితో గడిపి రాసినది. మొదటివాడు బ్యాటర్, రెండోవాడు పిచర్. మొదటి వ్యాసంలో ఉన్నది చివరి రోజు, రెండోదానిలో ఉన్నది ఆ చివరి రోజు తర్వాత బతకాల్సిన రోజులు. ఏంజెల్ ఆ పత్రికలో కథల సంపాదకుడు కూడా. తర్వాతి కాలంలో అప్‌డైక్ కథలు అతని చేతి మీదుగానే అచ్చుకి వెళ్ళాయి. అంత దగ్గరగా పనిచేసినా, ఆటను చూసే చూపులో ఇద్దరికీ పోలికే లేదు.

అమెరికాలో ఆటల మీద వచ్చిన రచనల్లో అప్‌డైక్ వ్యాసాన్ని మించింది లేదనేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాసేనాటికి అతనికి 28 ఏళ్ళు. అతను క్రీడా విలేకరి కాదు, ఫెన్‌వే పార్క్‌కి వచ్చిన 10,454 మంది ప్రేక్షకుల్లో ఒకడు. 1960 సెప్టెంబర్ 28, బుధవారం. మబ్బు పట్టిన చల్లటి రోజు. లీగ్‌లోని ఎనిమిది జట్లలో రెడ్ సాక్స్ ఏడో స్థానంలో ఉంది కాబట్టి ఆ ఆట ఫలితానికి ఏ విలువా లేదు. జనం వచ్చింది ఒకే ఒక్క మనిషి కోసం. 42 ఏళ్ళ విలియమ్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో తన చిట్టచివరి బ్యాటింగ్‌కి వచ్చి, బాల్టిమోర్ పిచర్ జాక్ ఫిషర్ బంతిని హోమ్‌రన్ కొట్టాడు. జీవితంలో 521వది. ఫిషర్‌కి అప్పుడు 21 ఏళ్ళు. విలియమ్స్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టిన 1939లోనే అతను పుట్టాడు. బేస్‌లు చుట్టి వచ్చిన విలియమ్స్ తల దించుకుని నేరుగా డగౌట్‌లోకి వెళ్ళిపోయాడు. జనం నిలబడి అరిచారు, బయటికి రమ్మని పిలిచారు. అతను రాలేదు, టోపీ ఎత్తలేదు.

హోమ్‌రన్ కొట్టాక టోపీ అంచు తాకి జనానికి జవాబు చెప్పడం ఏ పుస్తకంలోనూ రాయని నియమం. కుర్రతనంలోనే బోస్టన్ విలేకరులతో, ప్రేక్షకులతో చెడిపోయి, ఇక టోపీ ఎత్తేది లేదని విలియమ్స్ పట్టుబట్టాడు. ఇరవై ఏళ్ళపాటు ఆ పట్టు వదల్లేదు. అప్‌డైక్ వ్యాసానికి శిఖరం ఈ తిరస్కారమే. విలియమ్స్‌ని దేవతల వరసలో నిలబెట్టే ఒక చిన్న వాక్యంతో ఆ ఘట్టానికి ముద్ర వేస్తాడు. వ్యాసం చదవనివాళ్ళకి కూడా ఆ వాక్యం తెలుసు.

నాకు మాత్రం ఆ వాక్యం కంటే దానికి ముందున్న పేజీలు ఎక్కువ ఇష్టం. అప్‌డైక్ మైదానాన్ని ఎంత శ్రద్ధగా చూశాడో తన చుట్టూ కూర్చున్నవాళ్ళనీ అంత శ్రద్ధగా చూశాడు. వెనక వరసలో కాలేజీ కుర్రాళ్ళు విలియమ్స్ ముఖం మీది ముడతల గురించి మాట్లాడుకుంటున్నారు. పక్కన ఒంటరిగా వచ్చిన ఒకతను చుట్టచుట్టిన కాగితాన్ని మోకాలి మీద కొట్టుకుంటూ దిగులుగా చూస్తున్నాడు. వాళ్ళ మాటల్లో వెటకారం ఉంది, జాలి ఉంది, ఎవరూ పైకి చెప్పుకోని ఆశ ఉంది. ఐదో ఇన్నింగ్స్‌లో విలియమ్స్ కొట్టిన బంతి కుడివైపు అంచుదాకా వెళ్ళి అల్ పిలార్సిక్ చేతిలో పడ్డప్పుడు, ఈ తేమ గాలిలో ఇవాళ ఏ బంతీ దాటదని అందరికీ అర్థమైపోయింది. ఆ ఆశనీ, ఆ నిరాశనీ అంత ఓపిగ్గా కట్టి పెట్టాడు కాబట్టే, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి లేచినప్పుడు చదువుతున్న మనమూ లేచి నిలబడతాం. అభిమానుల సంభాషణను సాహిత్యం స్థాయికి తీసుకెళ్ళడమంటే ఇదే.

వ్యాసం మధ్యలో అప్‌డైక్ విలియమ్స్ జీవితాన్ని మూడు అంకాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక గ్రీకు వీరుడి పేరు పెడతాడు. యౌవనానికి జేసన్, నడి వయసుకు అకిలీస్, ముదిమికి నెస్టర్. అందమైన పథకమే. నా అభ్యంతరం మొదలయ్యేది కూడా ఇక్కడే. పురాణ వీరుడికి ఎదురయ్యేవి విధి, దేవతల ఆగ్రహం, తన అహంకారం. బేస్‌బాల్ వీరుడికి వీటితోపాటు రూల్ బుక్ కూడా ఎదురవుతుంది. అప్‌డైక్ దగ్గర అంకెలకు కొదవ లేదు. తర్వాత వ్యాసాన్ని పుస్తకంలో చేర్చినప్పుడు పాదసూచికల్లో ఇంకా లెక్కలు వేశాడు. సైన్యంలో చేరి యుద్ధాలకు పోయిన ఏళ్ళలో విలియమ్స్ ఎన్ని హోమ్‌రన్లు పోగొట్టుకుని ఉంటాడోనని అంచనాలూ కట్టాడు. కానీ ఆ అంకెలకు హద్దులు గీసిన నియమాలు అతని వ్యాసంలో ఎవరూ పెట్టనివిగా, ఎవరూ మార్చలేనివిగా వెనకే ఉండిపోతాయి.

విలియమ్స్ జీవితాన్ని నియమాల వైపు నుంచి చదివి చూడండి, వేరే కథ కనిపిస్తుంది. 1941లో అతని బ్యాటింగ్ సగటు .406. క్రికెట్ సగటులా ఇది పరుగుల లెక్క కాదు. లెక్కకు వచ్చిన ప్రయత్నాల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టి బేస్ చేరాడన్నది. పదింటికి మూడు కొడితే గొప్ప బ్యాటర్ కింద లెక్క. ఆ ఏడు విలియమ్స్ 456 ప్రయత్నాల్లో 185 హిట్లు కొట్టాడు. చివరి రోజు పొద్దునకు సగటు .39955 దగ్గరుంది. ఆడకుండా కూర్చుంటే సవరించి .400 అని రాసేవారు. కావాలంటే కూర్చోమన్నాడు మేనేజర్ జో క్రోనిన్. విలియమ్స్ ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి, ఎనిమిది ప్రయత్నాల్లో ఆరు హిట్లు కొట్టాడు. ఈ కథ ప్రతి అభిమానికీ కంఠస్థం. దాని వెనక ఉన్న నియమం గురించి అంతగా మాట్లాడరు. బంతిని ఎత్తుగా దూరంగా కొట్టి తాను ఔటైనా, ఆ సందులో బేస్ మీదున్న సహచరుడికి పరుగు సంపాదించిపెట్టడాన్ని శాక్రిఫైస్ ఫ్లై అంటారు. 1941లో దాన్ని విఫల ప్రయత్నంగానే సగటులో కలిపేవారు. 1954 నుంచి కలపడం లేదు. ఇప్పటి నియమంతో లెక్కిస్తే ఆ .406 ఇంకా పైకి పోతుంది.

అదే 1954లో మరో నియమం అతనికి అడ్డొచ్చింది. సీజన్ ముందు సాధనలో మెడ కింది ఎముక విరిగి కొన్ని వారాలు ఆడలేకపోయాడు. అయినా .345 కొట్టాడు. క్లీవ్‌లాండ్ ఆటగాడు బాబీ అవీలా కొట్టింది .341. బ్యాటింగ్ కిరీటం మాత్రం అవీలాకు పోయింది. కిరీటానికి 400 లెక్క ప్రయత్నాలు కావాలి, విలియమ్స్‌కి ఉన్నవి 386. చెడ్డ బంతులను వదిలేసి నడిచి బేస్ చేరితే, అంటే వాక్ సంపాదిస్తే, అది ప్రయత్నం కింద రాదు. ఆ ఏడు అతనికి 136 వాక్‌లు. మంచి బంతికీ చెడ్డ బంతికీ తేడా పసిగట్టే కన్ను విలియమ్స్ అసలు విద్య. ఆ విద్యే అతన్ని లెక్కలోంచి తప్పించింది. ఇది న్యాయం కాదని గుర్తించి, తర్వాత వాక్‌లతో సహా బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారినీ లెక్కించేలా నియమం మార్చారు. 1957లో కొత్త నియమం అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే 39 ఏళ్ళ విలియమ్స్ .388 కొట్టి కిరీటం గెలుచుకున్నాడు. నెస్టర్ అనే పేరు ఎంత ఇంపుగా ఉన్నా, ఈ మలుపును అది చెప్పలేదు.

ఇక షిఫ్ట్. విలియమ్స్ ఎడమచేతి బ్యాటర్, బంతిని ఎప్పుడూ కుడివైపుకే లాగి కొట్టేవాడు. 1946 జూలైలో ఒక ఆటలో మూడు హోమ్‌రన్లు తిన్నాక, క్లీవ్‌లాండ్ ఆటగాడూ మేనేజరూ అయిన లూ బూడ్రో ఆ రోజే జరిగిన రెండో ఆటలో తనవాళ్ళని దాదాపు అందరినీ కుడివైపుకి తరలించాడు. ఎడమవైపు ఖాళీ. అటు మెల్లగా తోస్తే చాలు, హిట్. విలియమ్స్ చాలావరకు కుడివైపే కొడుతూ పోయాడు. అప్‌డైక్ దీన్ని ప్రస్తావించి, విలియమ్స్ మొండితనానికి కొలతగా వాడుకుంటాడు. 1960లో అలా చదవడం సబబే. కానీ 2023లో మేజర్ లీగ్ షిఫ్ట్‌ని కట్టడి చేసింది. లోపలి మైదానం ఫీల్డర్లు నలుగురిలో రెండో బేస్‌కి చెరోవైపు ఇద్దరేసి ఉండాలి, పాదాలు లోపలి మైదానం మట్టి దాటకూడదు. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లెగ్ సైడ్‌లో స్క్వేర్ వెనక ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉండకూడదన్న నియమానికి బాడీలైన్ చేదు జ్ఞాపకం ఉంది. ఫీల్డర్లను పేర్చి ఒక మంచి దెబ్బను చంపేస్తుంటే, ఆటే జోక్యం చేసుకుంటుంది. 2023 తర్వాత విలియమ్స్ మొండితనం నాకు అహంకారంలా కనిపించడం మానేసింది. బాగా కొట్టిన బంతికి ఫలితం దక్కాలన్నది అతని వాదన అనుకుంటే, 77 ఏళ్ళకు రూల్ బుక్ దానివైపు తిరిగింది.

ఏంజెల్ వ్యాసం కూడా జనంతోనే మొదలవుతుంది. 1968 అక్టోబర్ 2, సెయింట్ లూయిస్. డెట్రాయిట్ టైగర్స్‌తో వరల్డ్ సిరీస్ మొదటి ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆల్ కేలైన్‌ని స్ట్రైక్‌ఔట్ చేసి, ఒక సిరీస్ ఆటలో శాండీ కోఫాక్స్ పేరిట ఉన్న 15 స్ట్రైక్‌ఔట్ల రికార్డును గిబ్సన్ అందుకున్నాడు. స్కోర్‌బోర్డు ఆ సంగతి ప్రకటించగానే స్టేడియం హోరెత్తింది. క్యాచర్ టిమ్ మెక్‌కార్వర్ బంతిని తన దగ్గరే ఉంచుకుని, వెనక్కి తిరిగి చూడమని సైగ చేస్తున్నాడు. గిబ్సన్‌కి ఏమీ పట్టలేదు. బంతి ఇటు విసరమని అరుస్తున్నాడు. ఆ తర్వాత నార్మ్ క్యాష్‌నీ, విల్లీ హార్టన్‌నీ పంపించి 17తో ఆట ముగించాడు.

జనం చేతులు చాచి ఇస్తున్నదాన్ని పుచ్చుకోవడానికి ఇబ్బందిపడే విషయంలో ఇద్దరు ఆటగాళ్ళూ ఒకే రకం. తేడా రచయితల్లో ఉంది. అప్‌డైక్ మూసిన తలుపు బయటే నిలబడి, ఆ తలుపు అందాన్ని వర్ణించాడు. ఏంజెల్ పన్నెండేళ్ళ తర్వాత వెళ్ళి ఆ తలుపు తట్టాడు.

గిబ్సన్ గురించి పత్రికల్లో స్థిరపడిన మాట, ముభావి, కోపిష్టి, బ్యాటర్ మీదికి బంతి వేయడానికి వెనకాడనివాడు అని. ఎదుటి జట్టువాళ్ళతో మాట కలపడు. ఆల్-స్టార్ ఆటలో వాళ్ళతో ఒకే జట్టులో ఉన్నా సరే. ప్రాణమిత్రుడు బిల్ వైట్ వేరే జట్టుకి మారాక, అతనికీ బంతి తగిలించాడు. ఏంజెల్ ఈ కథలను కొట్టిపారేయడు, పెంచి చెప్పడు. వాటి వెనక ఉన్న పనితనం ఏమిటో గిబ్సన్ చేతే చెప్పిస్తాడు. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దాని బయటి అంచు మీద పిచర్ బతుకుతాడు. బ్యాటర్ ముందుకు వంగి ఆ అంచుని అందుకోగలిగితే పిచర్ పని ఐపోయినట్టే. అందుకని మధ్యమధ్య లోపలికి వేసి అతన్ని నిటారుగా నిలబెట్టాలి. స్నేహం చేస్తే ఆ చేయి వణకవచ్చు. బయటివాళ్ళు కోపం అని పేరు పెట్టిన దానికి గిబ్సన్ దగ్గర ఇంత లెక్క ఉంది. ఏళ్ళు గడిచినా ఏ బ్యాటర్‌కి ఏ బంతి ఎక్కడ వేసేవాడో విడివిడిగా గుర్తుచేసుకుని చెబుతుంటే, ఏంజెల్ అడ్డు రాకుండా రాసుకుంటూ పోతాడు. వ్యాసంలో ఎక్కువ విలువైనవి ఈ పేజీలే. ఒమాహాలో గిబ్సన్ నడిపిన రెస్టారెంట్ సంగతుల దగ్గర మాత్రం నడక మందగిస్తుంది. అప్‌డైక్ అయితే వాటిని ఒక్క పేరాలో ముగించేవాడు.

ఇంకో సంగతిని దాటవేయలేం. నల్లజాతి పిచర్ ముభావంగా ఉంటే పొగరన్నారు, తెల్లజాతి బ్యాటర్‌గా చలామణి అయిన విలియమ్స్ టోపీ ఎత్తకపోతే అందులో దైవత్వం కనిపించింది. బోస్టన్ విలేకరులు విలియమ్స్‌నీ వదల్లేదు, నిజమే. కానీ అతని మౌనానికి అప్‌డైక్ లాంటి భాష్యకారుడు దొరికాడు. గిబ్సన్ పేదరికంలో పుట్టాడు, తండ్రిని ఎరగడు, జబ్బులతో పెరిగాడు, బాస్కెట్‌బాల్ ఆడి చదువుకున్నాడు. తన మౌనానికి అర్థం తానే చెప్పుకోవాల్సి వచ్చింది. ఏంజెల్ దాన్ని అర్థం చేసుకుని, భాష్యం మానేసి వినడానికి కూర్చున్నాడు. ఈ ఒక్క నిర్ణయం వల్లనే 'డిస్టెన్స్' నా దృష్టిలో గొప్ప రచన.

ఇప్పుడు ఆ దిబ్బ సంగతి. పిచర్ నిలబడే మట్టి దిబ్బ, మౌండ్, అప్పట్లో 15 అంగుళాల ఎత్తుండేది. ఎత్తు నుంచి వేసే బంతి కిందికి కోసుకుపోతుంది. దానికి తోడు, బ్యాటర్ కొట్టకుండా వదిలేసినా బంతి పిచర్ ఖాతాలో పడే హద్దును, అంటే స్ట్రైక్ జోన్‌ని, 1963లో పెంచి, భుజాల పైభాగం నుంచి మోకాలి కిందిదాకా చేశారు. దాని ఫలితం 1968లో పూర్తిగా తేలింది. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే పరుగుల సగటు గిబ్సన్‌కి ఆ ఏడు 1.12. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా ముగించిన ఆటలు 13. అతను మొదలుపెట్టిన ఆటలు 34, చివరిదాకా తానే వేసినవి 28. మిగిలిన ఆరింటిలోనూ ఇన్నింగ్స్ మధ్యలో అతన్ని దిబ్బ మీద నుంచి దింపలేదు; అతని బదులు బ్యాటింగ్‌కి ఇంకొకరిని పంపడానికి మాత్రమే తప్పించారు. ఇప్పుడు ముప్పై జట్ల పిచర్లు అందరూ కలిసినా ఒక సీజన్‌లో నలభై ఆటలు కూడా చివరిదాకా వేయడం లేదు.

గిబ్సన్ ఒక్కడే కాదు. డెన్నీ మెక్‌లెయిన్ 31 ఆటలు గెలిచాడు. డాన్ డ్రైస్‌డేల్ వరసగా 58 ఇన్నింగ్స్‌కి పైగా పరుగివ్వలేదు. అమెరికన్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు .230కి పడిపోయింది. ఆ లీగ్‌లో కిరీటం గెలిచిన బ్యాటర్ సగటు .301 మాత్రమే. అతని పేరు కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ. విలియమ్స్ ఖాళీ చేసిన ఎడమ మైదానంలోకి 1961లో వచ్చినవాడు అతనే. .406 కొట్టినవాడి వారసుడు .301తో కిరీటం గెలిచాడంటే, మనుషులు మారినందువల్లా, నియమాలు మారినందువల్లా? అభిమానులు తెల్లవార్లూ మాట్లాడుకోవాల్సిన ప్రశ్న ఇదే.

1969 నుంచి దిబ్బను 10 అంగుళాలకు దించారు. స్ట్రైక్ జోన్‌ని చంకల నుంచి మోకాలి పైభాగం దాకా తగ్గించారు. అభిమానులు దాన్ని గిబ్సన్ నియమం అనే పిలుస్తారు. ఒక్కడి కోసం మార్చారనడం అతిశయమే అయినా, ఆ పిలుపులో గౌరవం ఉంది. ఇంతకంటే గొప్పది ఆ తర్వాత జరిగింది. దిబ్బ దిగినా గిబ్సన్ దిగలేదు. 1969లో 2.18 సగటుతో 20 ఆటలు, 1970లో 23 ఆటలు గెలిచి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతి రెండోసారి అందుకున్నాడు. కాళ్ళ కింది నేల ఐదు అంగుళాలు తగ్గితే, బంతి వేసే కోణం తగ్గుతుంది, ఎప్పటినుంచో అలవాటైన అడుగు ఇంకో ఎత్తులో పడుతుంది. ముప్పై దాటిన పిచర్ అప్పటిదాకా ఒంటికి పట్టిన విద్యను మళ్ళీ ఒంటికి నేర్పాలి. వయసు మెల్లగా దించుతుంది, నియమం ఒక్క శీతాకాలంలో దించేస్తుంది. అప్‌డైక్ వ్యాసంలోని విలియమ్స్ వయసుతోనే పోరాడాడు. గిబ్సన్ రెండింటితోనూ పోరాడాడు. పనిని చెప్పించే ఏంజెల్ పద్ధతిలోనే ఈ రెండో పోరాటానికి చోటుంది.

ముగింపుల సంగతీ చూడాలి. 39 ఏళ్ళ గిబ్సన్ చివరి ఆట 1975 సెప్టెంబర్ 3. మోకాలు ఎప్పుడో దెబ్బతింది. బేస్‌లు నిండి ఉండగా చికాగో కబ్స్ ఆటగాడు పీట్ లకాక్ అతని బంతిని హోమ్‌రన్ కొట్టాడు. ఆ రోజు అప్‌డైక్ స్టేడియంలో ఉంటే ఏం రాసేవాడు? అతని పద్ధతికి అందమైన ముగింపు కావాలి, అది నూటికి ఒక్క ఆటగాడికి కూడా దక్కదు. విలియమ్స్‌కి దక్కిందనుకున్నది కూడా కొంతవరకు కత్తిరించుకున్నదే. రెడ్ సాక్స్‌కి ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇంకో మూడు ఆటలున్నాయి. విలియమ్స్ వాటికి వెళ్ళలేదు. అప్‌డైక్ ఆ సంగతి దాచలేదు, వ్యాసాన్ని దాంతోనే ముగించాడు. అది అతని నిజాయితీ. అయితే దైవత్వం మీద వేసిన పందెం చివరిదాకా నిలవలేదు. 1991 మే నెలలో తన పేరిట ఫెన్‌వేలో జరిగిన సభలో, 72 ఏళ్ళ విలియమ్స్ జనానికి టోపీ ఎత్తాడు. ఆ ముప్పై ఏళ్ళలో అతనిలో ఏం మారిందో దూరం నుంచి చూసే కన్ను చెప్పలేదు. దగ్గర కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

ఇవాళ్టి నియమాల మీద జరిగే వాదనలకు కూడా ఈ రెండు వ్యాసాలు పనికొస్తాయి. 2023లో పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, ఎవరైనా ఉంటే 20 సెకన్లలో పిచర్ బంతి వేయడం మొదలుపెట్టాలి. మరుసటి ఏడు ఆ 20ని 18 చేశారు. గడియారం లేకపోవడమే బేస్‌బాల్ అందం అని పాత అభిమానులు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని పాత ఆటగాళ్ళ పేరిట చెప్పడం సరికాదు. బంతి ఇటు విసరమని అరిచిన గిబ్సన్‌కి గడియారం అవసరమే లేదు. అంత చకచకా వేసేవాడు. కొత్త నియమంతో తంటాలు పడిందీ, దాన్ని అందరికంటే ముందు శోధించిందీ 38 ఏళ్ళ పిచర్ మ్యాక్స్ షెర్జర్. ఆ వసంతం సాధన ఆటల్లో గడియారాన్ని బ్యాటర్ మీద ఆయుధంగా వాడి ఎంత దూరం పోవచ్చో పరీక్షించి, ఒకచోట తొందరపడి అంపైర్ చేత తప్పు పట్టించుకున్నాడు. అనుభవం నియమాన్ని ఎలా చదువుతుందో చూడాలనుకునే రచయితకు ఇంతకంటే మంచి విషయం దొరకదు. దానికి ఏంజెల్ పద్ధతే కావాలి.

అప్‌డైక్ ఫెన్‌వేలో నాకు కనపడనిది ఇంకొకటి ఉంది. నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోవడంలో మేజర్ లీగ్ జట్లన్నిటిలోకీ చివరిది రెడ్ సాక్స్. 1959 జూలైలో పంప్సీ గ్రీన్ వచ్చేదాకా ఆ జట్టులో నల్లవాళ్ళెవరూ లేరు. అప్‌డైక్ చూసిన ఆటకి అది పద్నాలుగు నెలల ముందే జరిగింది. ఆ మైదానం కొలతలను అంత ప్రేమగా రాసిన చేతికి ఈ కొలత అందలేదు. విలియమ్స్‌కి మాత్రం అందింది. అతని తల్లి మెక్సికన్ మూలాలున్న మనిషి. 1966లో తనను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న సభలో, అవకాశం దొరకని నల్లజాతి ఆటగాళ్ళకు గుర్తుగా సాచెల్ పేజ్‌నీ, జోష్ గిబ్సన్‌నీ ఏదో ఒకనాడు ఇందులో చేర్చాలని పేర్లు పెట్టి మరీ అడిగాడు. 1971లో పేజ్‌నీ, 1972లో జోష్ గిబ్సన్‌నీ చేర్చారు.

2024 మే నెలలో మేజర్ లీగ్, నల్లజాతివాళ్ళ కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్స్ అంకెలను తన అధికారిక రికార్డుల్లో కలిపింది. 1943లో జోష్ గిబ్సన్ కొట్టిన .466 ఇప్పుడు ఒక సీజన్‌లో అత్యధిక సగటు. అంటే .400 దాటిన చివరి బ్యాటర్ 1941 నాటి విలియమ్స్ అనే మాట, దశాబ్దాలుగా అభిమానులు వల్లెవేసిన మాట, ఇక యథాతథంగా నిలవదు. ఆ లీగ్‌ల సీజన్లు చిన్నవని కొందరు అభ్యంతరం చెబుతున్నారు. 2020లో కరోనా వల్ల మేజర్ లీగ్ ఆడినదీ 60 ఆటలే, వాటి రికార్డులను ఎవరూ కొట్టేయలేదని మిగతావాళ్ళు గుర్తుచేస్తున్నారు. రెండోవాళ్ళదే న్యాయమని నేను అనుకుంటాను. ఆట జీవితం మొత్తం మీద బేస్ చేరిన శాతంలో విలియమ్స్ .482 అన్నిటికంటే పైన అలాగే ఉంది. కొత్త లెక్క అతని నుంచి అన్నీ తీసుకోలేదు. తీసుకున్నది కూడా 1966లో అతను తనంతట తాను ఇవ్వజూపినదే. అప్‌డైక్ పాదసూచికల్లోని పోలికలను ఇప్పుడు ఎవరైనా మళ్ళీ వేస్తే, రూత్, కాబ్ లాంటి పాత దిగ్గజ బ్యాటర్ల పేర్ల కంటే ముందు జోష్ గిబ్సన్ పేరుతో మొదలుపెట్టాల్సి ఉంటుంది.